కోస ఫోను పట్టని ఏళ్ళు

కోస నోరు ఊరుకునేది కాదు. దున్నేటప్పుడు ఎద్దులతో మాట్లాడేవాడు, ఇంటికొస్తే కోళ్ళతో మాట్లాడేవాడు, మనుషులు దొరికితే ఇక చెప్పనక్కర్లేదు. అటువంటి మనిషి కొన్నేళ్ళపాటు అవసరానికి మించి ఒక్క మాట పలక్కుండా బతికాడు. ఆ మాట ఎక్కడ పడిపోయిందో ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. బయటివాళ్ళు అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు.

తెలంగాణ హద్దుకు ఇవతల, తర్లగూడ రోడ్డు దిగి అడవిలోకి నడిస్తే రెండు వాగుల అవతల వాళ్ళ ఊరు. దోర్ల ఆదివాసుల ఇళ్ళు. ఇంట్లో దోర్లి, తెలుగు కలగాపులగంగా మాట్లాడతారు. బడిలో హిందీ. కోస తల్లి అతన్ని కన్న నాడే పోయింది. అక్క సోమమ్మ అతన్ని చంకనేసుకుని పెంచింది. ఆమెకప్పుడింకా పాలపళ్ళు కూడా ఊడలేదు. గంజి ఊది తాగించింది, తేలు కుడితే ఏడ్చుకుంటూ ఊరంతా తిప్పింది, తను బడికి పోకపోయినా తమ్ముణ్ణి తరిమి తరిమి పంపింది. ఆ తర్వాత ఆమెను తెలంగాణ వైపు, వాజేడు అవతల ఒక ఊరికి ఇచ్చారు. ఆమె వెళ్ళిన రోజు కోస రోడ్డు దాకా బండి వెనకాలే పరుగెత్తి, మోకాళ్ళు పగలగొట్టుకుని ఇంటికొచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఏటా చలికాలం ముగిసే ముందు ఊరివాళ్ళంతా మిరపకాయలు ఏరడానికి తెలంగాణ పోతారు. కోస కూడా పెళ్ళాం భీమేను తీసుకుని పోయేవాడు. పక్క సాలులో అతని ఈడువాడు సుక్కా ఏరేవాడు. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు, ఒకే బడి, మిరపచేల దగ్గర ఒకటే గుడిసె. ఒక ఏడు కూలి చేతికి రాగానే ఇద్దరూ వెంకటాపురం సంతకు పోయి చెరొక ఫోను కొన్నారు. నొక్కుడు బటన్ల ఫోను, వెనక టార్చిలైటు.

ఊళ్ళో సిగ్నలు లేదు. గుట్ట మీద ఒక నల్లబండ ఉంది. దాని మీద నిలబడి పడమటికి తిరిగితే తెలంగాణ టవరు కొంచెం అందేది. కోస రోజూ ఎద్దులను విప్పగానే ఆ బండ ఎక్కేవాడు.

"ఏందిరా, రెండ్రోజులాయె, ఫోనే లేదు?" అనేది సోమమ్మ.

"వానలక్కా. గుట్ట ఎక్కితె జారుతాంది."

"మా గేదె ఈనింది."

"ఏంది, పెయ్యా?"

"పెయ్యే."

"అయితె నాకియ్యి."

"ఇస్తగాని ముందు భీమేకియ్యి ఫోను. నీతోని మాట్లాడితె పొద్దు పోతది, పని కాదు."

ఆ మాటలకు అర్థం పర్థం ఉండేది కాదు. కూర మాడిన సంగతి, కోడి గుడ్లు పొదిగిన సంగతి, మేనకోడలు స్రవంతి బడిలో హిందీలో మంచి మార్కులు తెచ్చుకున్న సంగతి. పెళ్ళయినప్పటి నుంచి ఏడాదికొకసారి కనిపించే అక్క రోజూ చెవిలో ఉండేది. ఫోను లేనివాళ్ళు కూడా కోసతో పాటు బండ ఎక్కి, కూలికి పోయిన కొడుకులతో మాట్లాడుకునేవాళ్ళు. సుక్కా అయితే తన ఫోనులో పాటలు పెట్టి సంతకు పోయే ఆడపిల్లల వెనక నడిచేవాడు.

దళం వాళ్ళు ఫోన్లు వద్దని చెప్పారు. ఊరి గోడ మీద రాసి కూడా పోయారు. ఊరు విని తలాడించి, ఫోన్లను ధాన్యం గుమ్ముల్లో దాచింది.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా వాగు అవతల ఎదురుకాల్పులు జరిగాయి. దళం మనుషులు చాలామంది పోయారు. ఎవరో పోలీసులకు ఫోను చేసి చెప్పారని అడవంతా మాట పాకింది. ఆ ఎవరో ఎవరన్నది ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు ఫోను ఉన్నవాడే ఆ మనిషి.

తెల్లవారి ఆడవాళ్ళు ఇప్పపువ్వు ఏరడానికి చెట్ల కిందికి చేరుకునే వేళకు దళం ఊరిని చుట్టింది. అందరినీ కల్లం దగ్గర కూచోబెట్టారు. గుమ్ములు దింపి వెతికారు. రెండు ఫోన్లు దొరికాయి. కోసను, సుక్కాను నులక తాళ్ళతో చేతులు వెనక్కి విరిచి కట్టి మధ్యలో నిలబెట్టారు.

కట్టినవాడికి ఎడమ కనుబొమ్మ మధ్యలో చీలి ఉంది. పేరు మంగల్ అని ఆ తర్వాత తెలిసింది. ఇంద్రావతి అవతలి మనిషి. గొంతు సన్నగా, ముక్కులోంచి వచ్చేది. కోస ఫోను పట్టుకుని బటన్లు నొక్కుతూ అడిగాడు.

"ఈ నంబరెవలది?"

"మా అక్కది."

"దినాం ఇదే నంబరు. దినాం అక్కతోని ఏం మాట్లాడతవ్?"

"గేదె గురించి."

గుంపులో ఎవరో నవ్వబోయి నోరు మూసుకున్నారు. మంగల్ కోస దవడ మీద తుపాకి మడమతో కొట్టాడు. నోట్లోంచి పన్ను ఊడి నేలమీద పడింది. "గేదె గురించి దినాం మాట్లాడతరా ఎవలన్న?" అని మళ్ళీ అడిగాడు. కోస రక్తం ఉమ్మి, మాట్లాడతామనే చెప్పాడు.

సుక్కా ఫోనులో ఒక నంబరుకు 'సాబ్' అని పేరుంది. అది మిరపచేను రైతుది. తన చేలో పనిచేసేవాళ్ళు తనను సాబ్ అని పిలవాలని ఆయనకు సరదా. సుక్కా ఆ సంగతి చెప్పాడు. కోస చెప్పాడు. ఆ చేలో ఏరినవాళ్ళు గుంపులోంచి లేచి చెప్పారు. లేచినవాళ్ళను కర్రలతో కొట్టి కూచోబెట్టారు. దళ నాయకుడు ఆ నంబరుకు ఫోను చేసి చూడమన్నాడు. కల్లం దగ్గర సిగ్నలు లేదు. ఎవరినన్నా గుట్ట ఎక్కించి కనుక్కుంటే సరిపోయేది. ఎవరూ ఎక్కలేదు.

సుక్కా తల్లి ముయె ఇప్పపువ్వు బుట్ట పారేసి పరుగెత్తుకొచ్చింది. ఆమెను ఇద్దరు పట్టుకున్నారు. సుక్కాను మోకాళ్ళ మీద కూచోబెట్టి, ముందు గొడ్డలి వెనకవైపుతో కొట్టారు. పడిపోయాక కత్తితో కోశారు. మేకను కోసినప్పుడు వచ్చే చప్పుడే వచ్చింది. కోస కళ్ళు మూసుకుంటే మంగల్ జుట్టు పట్టి తల పైకెత్తి, చూడమన్నాడు. చూశాడు. సుక్కా కాళ్ళు చాలాసేపు కొట్టుకున్నాయి. కూచున్నవాళ్ళెవరూ కదల్లేదు.

తర్వాత కోస తాడు విప్పారు.

"ఏ చేతితోని పట్టుకుంటవ్ ఫోను?" అన్నాడు మంగల్.

కోస కుడిచెయ్యి చూపించాడు. ఎడమచెయ్యి అని ఎందుకు చెప్పలేదో అతనికి ఇప్పటికీ తెలియదు. కల్లం పక్కన ఇప్పగింజలు దంచే బండ ఉంది. చేతిని దాని మీద పరిచి, మంగల్ ఇంకో రాయి ఎత్తి వేశాడు. ఒకసారి వేసి చూశాడు. వేళ్ళు ఇంకా కదులుతున్నాయని మళ్ళీ వేశాడు. కోస అరిచిన అరుపుకు చెట్ల మీది కొంగలు లేచిపోయాయి. ఆ తర్వాత అతని గొంతు చాలా కాలం ఎవరూ వినలేదు.

ఎముకలు కట్టే ముసలాయన వెదురుబద్దలు పెట్టి కట్టాడు. వేళ్ళు అతుక్కున్నాయి గాని వంకరగా అతుక్కున్నాయి. అవి దేనినీ పట్టవు. భీమే అన్నం కలిపి నోట్లో పెట్టేది. రాత్రిళ్ళు అతను లేచి కూచుంటే పక్కనే కూచునేది. సుక్కాను పూడ్చిన చోట అతని ఫోను కూడా పెట్టాలని ముయె వెతికింది. దళం పట్టుకుపోయిందని చెప్పినా వినక కల్లమంతా వెతికింది.

అవతల సోమమ్మ రోజూ తమ్ముడికి ఫోను చేస్తూనే ఉంది. మొదట అందుబాటులో లేదని వచ్చేది. తర్వాత ఆ నంబరే లేదని వచ్చింది. ఎవరో చనిపోయారని, చనిపోయింది కోసేనని ఒకరు, కాదని ఇంకొకరు చెప్పారు. ఆమె బయల్దేరి తర్లగూడ దాకా వచ్చింది. లోపలికి పోతే నువ్వూ రావు, నీ తమ్ముడికీ మంచిది కాదని అక్కడివాళ్ళు వెనక్కి తిప్పారు. ఆమె వెనక్కి పోయి కూతురు స్రవంతిని కూచోబెట్టి ఉత్తరం రాయించింది.

ఆ ఉత్తరాల సంగతి వేరు. కోసకు వచ్చింది హిందీ అక్షరాలే. మాట్లాడేది తెలుగు. స్రవంతికి రెండు లిపులూ వచ్చు. అందుకని తల్లి చెప్పే తెలుగు మాటలను ఆ పిల్ల హిందీ అక్షరాల్లో రాసింది. మిరపచేలకు మనుషులను తోలుకుపోయే మేస్త్రి దాన్ని తెచ్చి తర్లగూడలో టీ కొట్టువాడికిస్తే, సంతకు పోయిన భీమే తెచ్చింది. "బతికున్నవా? బతికుంటె రాయి. ఎట్లనన్న రాయి," అని ఉంది అందులో.

కోస ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క అక్షరం దున్నినట్టు రాసేవాడు. నోటితో వాగినంత సులువు కాదది. మొదటి ఉత్తరంలో 'బతికే ఉన్న' అన్న ఒక్క మాట పట్టింది. రెండో ఉత్తరంలో చెయ్యి సంగతి. మూడో ఉత్తరంలో, ఎవరితోనూ అననిది, సుక్కా ఎట్లా పోయాడో మొత్తం రాశాడు. ఫోనులో అయితే మొదటి మాటకే అక్క ఏడుస్తుంది, అతను ఆపేస్తాడు. కాగితం ఏడవదు. చివరిదాకా రాసి, చెమట తుడుచుకుని, మడిచి భీమేకిచ్చాడు.

తిరుగు ఉత్తరం అడుగున స్రవంతి సొంతంగా ఒక ముక్క రాసింది. "మామా, సుక్కా మామ గురించి రాసింది అమ్మకు చదవలేదు. చనిపోయిండని మాత్రం చెప్పిన. నేను ఒక్కదాన్నే చదువుకున్న." కోస ఆ ముక్కను చాలాసేపు చూశాడు. ఆ పిల్లకు అప్పటికి జడలు వేసుకోవడం కూడా సరిగా రాదు.

మరుసటేడు రోడ్డు మీద జవాన్ల కొత్త క్యాంపు వచ్చింది. ఇసుక బస్తాలు, ముళ్ళతీగ, అడ్డంగా ఒక కర్ర. సంతకు పోయేవాళ్ళ బుట్టలన్నీ వెతికేవాళ్ళు. ఒక సంతరోజు భీమే రవిక లోపల మడిచి పెట్టుకున్న ఉత్తరం ఆడజవాను చేతికి దొరికింది.

హిందీ చదవడం వచ్చిన జవాను దాన్ని తెరిచి చదివాడు. అక్షరాలు హిందీవి, మాటలు కావు. రెండుసార్లు చదివి, "కోడ్ హై," అన్నాడు. తెలుగు నాలుగు ముక్కలు తెలుసన్న ఒకణ్ణి పిలిచారు. వాడు విని అర్థం చెప్పాడు. ఉత్తరంలో ఉన్నది ఇది: "మందు అందింది. సీసా పగుల్తది, గుడ్డ సుట్టి మెల్లగ పంపు. ముయె పెద్దమ్మకు ఇంకా కావాలె." వాడు మందు అంటే బారూద్, పేలుడు మందు అన్నాడు. పగుల్తది అంటే పేలుతుందన్నాడు.

భీమేను లోపలికి లాక్కుపోయారు. పేరేంది, ముయె ఎవరు, సీసాలు ఎక్కడ దాచారు. ఆమెకు హిందీ సంతలో బేరమాడేంతే వచ్చు. దగ్గు మందు అని చెప్పడానికి మాట దొరక్క దగ్గి చూపించింది. వెటకారం చేస్తోందనుకుని తుపాకి మడమతో చెవి మీద కొట్టారు. పడిపోతే లేపి అదే చెవి మీద మళ్ళీ కొట్టారు. చెవిలోంచి మెడ మీదుగా రక్తం కారి రవిక తడిసింది. ఊళ్ళోకి పోయి కోసను కూడా పట్టుకొచ్చారు. బెంచీ మీద బోర్లా పడుకోబెట్టి అరికాళ్ళ మీద లాఠీతో కొట్టారు. ఆ వంకర చెయ్యి చూసి, బాంబు చేస్తుంటే పేలిందా అని అడిగారు. కోస ఏమీ చెప్పలేదు. గేదె గురించి అని నిజం చెప్పిన నాడు ఏమైందో అతనికి గుర్తుంది.

సాయంత్రం డ్యూటీ దిగివచ్చిన ఒక పెద్దవయసు జవాను ఆ కాగితం తీసుకున్నాడు. శ్రీకాకుళం వైపు మనిషి. పెదవులు కదుపుతూ చదివి, తల పట్టుకున్నాడు. ఇది దగ్గు మందని, ముసలావిడ కోసమని తన పైవాళ్ళకు చెప్పాడు. ఎవరూ తప్పయిందనలేదు. పొమ్మన్నారు. ఆయన గేటు దాకా వచ్చి తెలుగులో మెల్లగా చెప్పాడు.

"ఇలాంటి రాతలు రాయకు బాబూ. వీళ్ళకి అర్థం కావు. ఫోను చేసుకోవచ్చు కదా."

కోస ఆయన మొహం చూశాడు. కుడిచెయ్యి ఎత్తి చూపించి, భీమే భుజం పట్టుకుని నడిచాడు. అరికాళ్ళు నేల మీద ఆనక మడమల మీద కుంటుతూ, వాగులు దాటి ఇల్లు చేరారు. భీమే ఎడమ చెవి ఆ రోజుతో పోయింది.

ఆ తర్వాత అతను కాగితం ముట్టలేదు. పంట కోతలు అయిపోయాయి. ఒకనాడు భీమేనే సంతలో కొన్న పెన్ను, కాగితాలు తెచ్చి అతని ముందు పడేసింది.

"రాయి."

అతను తల అడ్డంగా ఊపాడు.

"నా చెవి ఊకెనే పోయిందనుకున్నవా? రాయి. దాస్తెనే గద అనుమానం. చేతుల పట్టుకొని పోత. చదువుకునేటోడు చదువుకోనీ."

అన్నట్టే చేసింది. సంతరోజు ఉత్తరం విప్పి, జెండా పట్టుకున్నట్టు పట్టుకుని క్యాంపు ముందుకు పోయింది. కర్ర దగ్గర జవాను చదవబోతే, లోపలికి చెయ్యి చూపించి "తెలుగు సాబ్, తెలుగు సాబ్" అని అరిచింది. శ్రీకాకుళం మనిషి వచ్చి చదివి పంపించాడు. ఆయన బదిలీ అయ్యేదాకా కోస ఉత్తరాలన్నీ అక్క కంటే ముందు ఆయనే చదివాడు. ఆయన పోయేనాటికి జవాన్లకు భీమే మొహం అలవాటైంది.

కాలం మారింది. దళాలు పలచబడ్డాయి. అడవిలోకి రోడ్డు వచ్చింది, రోడ్డు వెంట టవరు వచ్చింది. గుట్ట ఎక్కే పని లేకుండా పోయింది. దోసిలి నిండా ఇప్పపువ్వు పెట్టుకుని మెడకు ఫోను నొక్కుకుని మాట్లాడే ఆడపిల్లలు వచ్చారు. భీమే కూడా ఒకటి కొని కుడి చెవికి పెట్టుకుని వదినెతో మాట్లాడేది. మోగినప్పుడల్లా కోస లేచి బయటికి పోయేవాడు. సోమమ్మ ఉత్తరంలో తిట్టింది. "ఊరంత ఫోన్లు. నీకొక్కనికేంది? నీ గొంతు మర్చిపోతున్నరా." అతను జవాబులో వానల సంగతి రాశాడు.

ఒకరోజు భీమే ఫోనులో మాట సరిగా వినపడ్డంలేదని ఇద్దరూ భోపాల్‌పట్నం పోయారు. బస్సులు ఆగే చోట వరసగా ఫోన్ల దుకాణాలు. ఒకదాంట్లోకి భీమే ఎక్కింది. కోస గుమ్మంలోనే నిలబడ్డాడు. దుకాణంవాడు తల వంచుకుని ఏదో విప్పుతున్నాడు. ఫోను తీసుకుని నొక్కి చూసి అడిగాడు.

"ఈ నంబరెవలది?"

సన్నని గొంతు. ముక్కులోంచి వచ్చే మాట.

కోస లోపలికి నడిచాడు. దుకాణంవాడు లావెక్కాడు, మీసం పెంచాడు. కనుబొమ్మ చీలిక అలాగే ఉంది. దళం వదిలి పోలీసులకు లొంగిపోయి, ఊరికి తిరిగిపోలేక ఇక్కడే దుకాణం పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. కోస తన కుడిచెయ్యి అద్దాల బల్ల మీద పరిచాడు.

మంగల్ ఆ వేళ్ళను చూశాడు. తల ఎత్తాడు. మెల్లగా, తెలిసినవాణ్ణి పలకరించినట్టు అన్నాడు.

"నువ్వు... గేదె మనిషివి గద."

ఆ మాట అనకపోతే కోస వెనక్కి తిరిగేవాడేమో. అతనే చెబుతాడు ఆ సంగతి. షట్టరు లాగే ఇనపకడ్డీ గోడకు ఆనించి ఉంది. ఎడమచేత్తో అందుకున్నాడు. మొదటి దెబ్బ బల్ల మీద ఉన్న మంగల్ చేతి మీద పడింది. అద్దం, ఎముక కలిసి విరిగాయి. రెండో దెబ్బ మొహం మీద. కడ్డీ కొస కంట్లో దిగింది. మంగల్ కిందపడితే బల్ల దూకి, ఛాతీ మీద కూచుని, తల మీద, భుజాల మీద ఎక్కడ పడితే అక్కడ కొట్టాడు. గోడకు వేలాడుతున్న ఫోను కవర్ల మీద నెత్తురు చిమ్మింది. గోడ మీది కవర్లు చూస్తున్న భీమే, ఎడమవైపు జరుగుతున్నది సరిగా వినపడక, ఆలస్యంగా తిరిగి చూసి కేక వేసింది. బస్సుకోసం నిలబడ్డవాళ్ళు, పక్క దుకాణాలవాళ్ళు పరుగెత్తుకొచ్చి కోసను ఈడ్చి పట్టుకున్నారు. ఐదారుగురు పట్టుకుంటే గాని ఆగలేదు. మంగల్ ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టలేదని పట్టుకున్నవాళ్ళు తర్వాత చెప్పారు.

కోసను జగదల్‌పూర్ జైలుకు పంపారు. అక్కడ ఖైదీలు వారానికొకసారి ఇంటికి ఫోను చేసుకోవచ్చు. వరసలో నిలబడేవాళ్ళు తోసుకునేవాళ్ళు, ఒకసారి ముందెవరన్న దాని మీద చెంచాను నూరిన కొసతో పొడుచుకున్నారు కూడా. కోస తన వంతు ఇంకొకరికి ఇచ్చేసేవాడు. అతను రాసేవాడు. జైల్లో రాయడానికి పొద్దు చాలా ఉంటుంది.

ములాఖాత్‌కు వచ్చిన భీమే ఇనప జాలీ అవతల నుంచి గట్టిగా చెప్పింది. చెవి పోయినప్పటి నుంచి ఆమె మాట్లాడేది గట్టిగానే.

"వదినె కాడ నీ ఉత్తరాలు చదివేటోళ్ళు లేరు. స్రవంతి నర్సు చదువుకు వరంగల్ పోయింది. ఆ ఊళ్ళె ఇంకెవలికిస్తె మాత్రం? హిందీ వచ్చినోనికి తెలుగు మాటలు అందవు, తెలుగోడికి ఆ అక్షరాలు అందవు. అన్ని కట్టగట్టి సజ్జ మీద పెట్టింది. దినాం తీసి సూసుకుంటాందట."

"ఏం సూసుకుంటది, రాదు గద?"

"గీతలు సూసుకుంటది."

తరువాతి వారం కోస వరసలో నిలబడ్డాడు. ఎడమచేత్తో ఫోను పట్టుకుంటే నంబరు పక్కవాడు నొక్కిపెట్టాడు. అవతల ఎత్తారు.

"ఎవలు?"

"నేనక్కా."

"నేనంటె?"

"కోసను."

"మా కోస అంత మెల్లగ మాట్లాడడు. ఎవలయ్యా నువ్వు? జైలు సాబువా? మా తమ్మునికేమన్నయిందా?"

"నేనే అక్కా. జరమొస్తె నన్ను ఎత్తుకొని పోతాంటె వాగుల జారి పడ్డవట గద. నీ గదుమ పగిలింది. నన్ను మాత్రం నీళ్ళకు తగలకుండ పైకి పట్టుకున్నవ్. ఆ మచ్చ ఉన్నదా ఇంక?"

సోమమ్మ ఏడ్చింది. అతను ఆపెయ్యలేదు. గోడకు తల ఆనించి విన్నాడు. చాలాసేపు ఏడ్చి, ముక్కు చీది, ఒక్క మాట అడిగింది.

"సుక్కాను ఏం జేసిన్రురా? స్రవంతి నాకు చెప్పలే. ఏదో మింగిందని నాకెరుకే."

"ఫోన్ల వద్దక్కా."

"సరె," అంది ఆమె.

కోర్టులో మంగల్ సాక్ష్యం చెప్పాడు. ఒక కంటికి గుడ్డ కట్టి ఉంది. ఎవరు కొట్టారని అడిగితే కోసను చూపించాడు. ఎందుకు కొట్టాడని అడిగితే, సర్కారు వకీలు వద్దని సైగ చేస్తున్నా, కల్లం దగ్గరి సంగతి మొత్తం చెప్పాడు. తాడు కట్టింది తనే, తల ఎత్తి పట్టింది తనే, రాయి రెండుసార్లు వేసింది తనే. సుక్కాను కోసిన మనిషి ఎదురుకాల్పుల్లో చచ్చిపోయాడని కూడా చెప్పాడు. అందరూ కోస వైపు చూశారు. అతను కిటికీ అవతల ఆటోలను చూస్తున్నాడు. ఆ మాటలు విన్నాక గుండె తేలికవుతుందని ఎవరన్నా అనుకుంటే పొరపాటు. ఆ గొంతు చెవిన పడకుండా అతను ఆటోలు లెక్కపెట్టుకున్నాడు.

అప్పటిదాకా జైల్లో ఉన్న కాలమే శిక్షగా లెక్కగట్టి వదిలారు. ఇంటికి వచ్చిన పొద్దే కోస ముయె ఇంటికి పోయాడు. ముసలామె చింతపండు గింజలు తీస్తోంది. కూచోమని కూడా అనలేదు.

"ఇనపకడ్డీ చేతుల ఉండంగ ఒక్క కన్నుతోని ఎట్ల ఇడిసినవ్ వాణ్ణి?"

"చానమంది పట్టుకున్నరు పెద్దమ్మా."

ముయె గింజ తీసి పక్కన పడేసింది.

"నా కొడుకును కోసేటప్పుడు వాళ్ళను పట్టుకోలేదేంది ఎవలు?"

ఆ కల్లం దగ్గర కూచున్నవాళ్ళంతా ఇప్పుడూ ఆ ఊళ్ళోనే ఉన్నారు. పొద్దున్నే ఎదురవుతారు, మంచీచెడూ మాట్లాడతారు. కోస ఆమె పక్కన కూచుని ఎడమచేత్తో చింతపండు ఒలిచాడు. ఆమె వద్దనలేదు.

మర్నాడు అతను అక్కకు ఉత్తరం రాశాడు. కల్లం సంగతి మళ్ళీ మొదటి నుంచి రాసి, చివర ముయె అడిగిన మాట రాశాడు. స్రవంతి సెలవులకు వచ్చినప్పుడు చదివించుకొమ్మని పైన రాశాడు. అడుగున స్రవంతికి కూడా ఒక ముక్క పెట్టాడు: "ఈసారి ఏదీ ఇడిసిపెట్టకుండ చదువు బిడ్డా."

ఆ పిల్ల అట్లాగే చదివిందట. తల్లి ఆపమన్నా ఆపకుండా చదివి, తల్లికి నీళ్ళిచ్చి, తనూ తాగిందట.

తిరుగు ఉత్తరం రాలేదు. ఫోనూ రాలేదు. ఒక మధ్యాహ్నం కోస ఎద్దులకు నీళ్ళు పెడుతుంటే తడిక అవతల బస్సు దుమ్ము మొహం నిండా పట్టిన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. జుట్టు సగం నెరిసింది. కోస బకెట్టు కింద పెట్టేలోపే ఆమె లోపలికి వచ్చి అతన్ని కొట్టడం మొదలుపెట్టింది. వీపు మీద, భుజాల మీద, రెండు పిడికిళ్ళతో, ఊపిరి ఆడక రొప్పుతూ కొట్టింది. అతను కదలకుండా వంగి నిలబడ్డాడు. ఎద్దులు బెదిరి పలుపులు గుంజుకున్నాయి.

"ఇన్నేండ్లు ఒక్కనివే మోసినవా?" అని కొట్టింది. "నేను సచ్చిన్నా?" అని కొట్టింది.

భీమే వచ్చి వదినె చేతులు పట్టుకుంది. సోమమ్మ విడిపించుకుని, తమ్ముడి కుడిచెయ్యి మొదటిసారి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసింది. ఆ తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది.

"ముయె పెద్దమ్మ ఇల్లేడుంది? దారి మర్చిపోయిన. తోల్క పో."

ముగ్గురూ కల్లం పక్కనుంచే నడిచారు. ఆ దారిలో కోస అక్కకు అన్నీ చూపిస్తూ చెప్పాడు. ఇక్కడ అందరూ కూచున్నారని, ఇక్కడ మేమిద్దరం నిలబడ్డామని, ముయె ఇటునుంచి పరుగెత్తుకొచ్చిందని. మామూలు గొంతుతో, దారిపొడుగునా ఆగకుండా మాట్లాడాడు. ఇళ్ళ ముందు కూచున్నవాళ్ళకు ఆ మాటలు వినపడ్డాయి. కొందరు లేచి లోపలికి పోయారు. ఒకరిద్దరు పోలేదు.